బిల్లు ఆపింది వాళ్లు, పని పోయింది మనకు

పోస్టు పొడుగైంది. పనిలో ఉండి చదవకండి, ఆదివారం తీరుబడిగా చదవండి.

మొన్న సైటుకు పోతుంటే ట్రక్కులో మా పక్కన కూర్చున్న తమ్ముడు అడిగిండు: "అన్నా, పొద్దున లేస్తే నువ్వు ఆ కాంగ్రెస్ వార్తలే వింటవు. మన గ్యాంగులో సగం మందికి ఓటే లేదు. వాళ్లు బిల్లు పాస్ చేస్తే మనకేంది, చేయకపోతే మనకేంది?" అప్పుడు రూట్ 28 మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉన్నాం. జవాబు మొదలుపెట్టాం గానీ సగంలోనే సైటు వచ్చేసింది. మిగిలిన సగం ఇక్కడ రాస్తున్నాం.

మేము అంటే ఎవరో కొత్తగా చదివేవాళ్లకు చెప్పాలి. పాలమూరులో పుట్టి, పదో తరగతితో చదువు ఆపేసి, దుబాయ్‌లో సెంట్రింగ్ పని చేసి, 2009లో అక్కడ టవర్లు ఎక్కడివక్కడ ఆగిపోతే ఇంటికి తిరిగొచ్చి, 2010లో అక్క వేసిన పిటిషన్ మీద ఈ దేశం వచ్చినోళ్లం. ఇప్పుడు కాంక్రీట్ గ్యాంగుకు సూపర్‌వైజర్. గ్యాంగులో తెలుగువాళ్లు ముగ్గురు, నేపాల్ వాళ్లు ఇద్దరు, మిగతావాళ్లు ఎల్ సాల్వడార్, హోండురాస్ వాళ్లు. రాసే చేయి ఒకటే గానీ మాట అందరిదీ.

ఇప్పుడు ఈ గొడవ ఎందుకంటే, 2021లో వచ్చిన రోడ్లు, వంతెనల చట్టంలో హైవే పనులకు ఇచ్చిన ఐదేళ్ల గడువు ఈ 2026 సెప్టెంబరు 30తో అయిపోతుంది. కొత్త చట్టం రాయాలి. నవంబరులో ఎన్నికలు. ఎన్నికల ముందు ఎదుటి పార్టీకి పేరొచ్చే పని ఎవరు చేయనిస్తారు? ఈ ఆట మేము ఒకసారి చూసినం. 2011లో.

ఆ ఏడాది జులైలో మొదలైంది. విమానాశ్రయాలను చూసే ఎఫ్ఏఏ అనే సంస్థకు అనుమతి పొడిగించే చిన్న బిల్లు అది. అంతకు ముందు ఎన్నోసార్లు కిక్కురుమనకుండా పొడిగించారు. ఈసారి చిన్న ఊళ్ల విమానాలకిచ్చే సబ్సిడీ కోత దానికి తగిలించారు. వెనక యూనియన్ ఎన్నికల రూల్ మీద తగాదా కూడా ఉంది. ఇటు సభ, అటు సభ పట్టు వదల్లేదు. జులై 23 నుంచి ఆగస్టు 5 దాకా రెండు వారాలు సంస్థ సగం మూతపడింది. దాదాపు 4,000 మంది ఉద్యోగులను ఇంటికి పంపారు. దేశమంతటా ఎయిర్‌పోర్టుల్లో నడుస్తున్న కట్టుబడి పనులు ఆపేయమని కాగితాలు వెళ్లాయి. ఎండాకాలం, మన పనికి అసలైన సీజను! ఇంకో తమాషా వినండి. ఆ రెండు వారాలు రోజుకు దాదాపు 3 కోట్ల డాలర్ల టికెట్ పన్ను సర్కారుకు రాలేదు. చాలా విమాన కంపెనీలు ఆ మేరకు టికెట్ తగ్గించకుండా రేటు పెంచి తామే జేబులో వేసుకున్నాయి. సర్కారుకు డబ్బు పోయింది, కూలోడికి పని పోయింది, ప్రయాణికుడికి పైసా మిగల్లేదు.

తర్వాత సెప్టెంబరు 8న ఒబామా రెండు సభల ముందు నిలబడి అమెరికన్ జాబ్స్ యాక్ట్ అని ఒక బిల్లు చెప్పాడు. మొత్తం 44,700 కోట్ల డాలర్లు. అందులో రోడ్లు, రైళ్లు, ఎయిర్‌పోర్టులకు 5,000 కోట్లు, కట్టుబడి పనులకు అప్పులిచ్చే బ్యాంకుకు 1,000 కోట్లు, పాత బడి భవనాల బాగుకు 3,000 కోట్లు. మిగతాది ఎక్కువ భాగం పన్ను తగ్గింపులే. మర్నాడే మన వర్జీనియాకు, రిచ్‌మండ్‌కు వచ్చి మళ్లీ చెప్పాడు. రిచ్‌మండే ఎందుకంటే, ప్రతినిధుల సభలో రిపబ్లికన్ల మెజారిటీ నాయకుడు ఎరిక్ కాంటర్‌ది ఆ ప్రాంతమే. అప్పుడు దేశంలో నిరుద్యోగం 9 శాతం. కట్టుబడి పనివాళ్లలో అంతకంటే ఎక్కువ.

మేము నలుగురం అప్పుడు సెంటర్‌విల్‌లో ఒక బేస్‌మెంట్‌లో ఉండేవాళ్లం. ఒక సబ్ కాంట్రాక్టర్ (పేరు అనవసరం) మూడు వారాల కూలి ఎగ్గొట్టి ఫోన్ ఎత్తడం మానేసిండు. పొద్దున ఐదున్నరకు సెంటర్‌విల్ లైబ్రరీ దగ్గర నిలబడేవాళ్లం. హైదరాబాద్‌లో లేబర్ అడ్డా మీద నిలబడ్డవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అదే అడ్డా, చలి ఎక్కువ, అంతే తేడా. పికప్ వచ్చి ఆగితే పది మంది ఉరికేవాళ్లు, ఇద్దరికి పని దొరికేది. ఆ బిల్లు సంగతి మాకు చెప్పింది సాల్వడార్ దోస్తు. స్పానిష్ రేడియోలో విని, వచ్చీరాని ఇంగ్లీషులో మాకు చెప్పేవాడు. "రోడ్ల బిల్లు వస్తే మార్చిలో పని" అని. మేము రోజులు లెక్కపెట్టుకున్నాం.

అక్టోబరు 11న సెనేట్‌లో ఓటింగ్. అనుకూలం 50, వ్యతిరేకం 49. గెలిచిందనుకున్నాం! కాదంట. బిల్లు మీద ఓటు కాదంట అది, బిల్లును చర్చకు తీసుకోవాలా వద్దా అన్నదాని మీద ఓటంట. దానికి వంద మందిలో 60 మంది కావాలంట. యాభై మంది సరే అన్నా పని మొదలుకాలేదు. మా ఊరి పంచాయతీలో ఇట్లాంటి రూలు పెడితే చెరువు గట్టు ఈ జన్మలో పొయ్యరు. నిజం చెప్పాలంటే, ఆ రోజు ఇద్దరు డెమొక్రాట్లు కూడా వద్దనే ఓటేశారు. అది దాచాల్సిన పని లేదు.

బిల్లును ముక్కలు చేసి మళ్లీ తెచ్చారు. టీచర్లు, పోలీసులు, ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ల జీతాల ముక్క అక్టోబరులోనే పడిపోయింది. మాకు కావలసిన ముక్క, రోడ్లు వంతెనల 6,000 కోట్ల డాలర్ల బిల్లు, నవంబరు 3న వచ్చింది. 51, 49. మళ్లీ 60 లేదు. అదే రోజు రిపబ్లికన్లు తమ సొంత రోడ్ల బిల్లు కూడా పెట్టారు, దానికి వీళ్లు అడ్డం పడ్డారు. అంటే రోడ్లు వేయాలని రెండు పార్టీలకూ ఉంది. రిబ్బన్ ఎవరు కత్తిరించాలన్న దగ్గరే పేచీ.

ఆ పెద్ద బిల్లులోంచి ఆ నవంబరులో పాసైన ముక్క ఏందో తెలుసా? సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లకు ఉద్యోగమిస్తే పన్ను రాయితీ, మంచిదే. దాంతో పాటు, సర్కారు కాంట్రాక్టర్లకు ఇచ్చే డబ్బులో 3 శాతం ముందే పట్టుకోవాలన్న రూలు రద్దు. దానికి రెండు సభల్లోనూ అందరూ చేతులెత్తారు. కాంట్రాక్టరుకు కష్టం వస్తే రెండు పార్టీలకూ చెవులు వినపడతాయి. పార పట్టుకున్నోడి దగ్గరికొచ్చేసరికి 60 ఓట్లు కావాలి.

ఇక్కడ న్యాయంగా ఒక మాట. అడ్డుపడ్డవాళ్లందరూ దుర్మార్గులు అని మేము అనం. వాళ్ల వాదన ఏందంటే, దేశం అప్పు అప్పటికే 14 లక్షల కోట్ల డాలర్లు దాటింది, 2009లో 78,700 కోట్ల బిల్లు తెచ్చారు, అయినా నిరుద్యోగం తగ్గలేదు, ఇప్పుడు ఏడాదికి పది లక్షల డాలర్లు దాటిన సంపాదన మీద పన్ను వేసి మళ్లీ ఖర్చు పెడతామంటున్నారు. అప్పు చేసి ఇల్లు కట్టినోళ్లం, అప్పు భయం మాకూ తెలుసు. ఆ మాట మీద బిల్లు తగ్గించమంటే, మార్చమంటే తప్పేముంది? మాకు మండేది వేరే దగ్గర. ఒబామాను ఒక్కసారితోనే దింపాలి, అదే మాకు అన్నిటికంటే ముఖ్యమని సెనేట్‌లో వాళ్ల నాయకుడు మిచ్ మెక్‌కానెల్ 2010లోనే బయటికి చెప్పాడు. అప్పు గురించి కొట్లాడితే అది వాదన. పక్కోడికి పేరు రావద్దని కొట్లాడితే మధ్యలో మా మార్చి నెల పోయింది.

మన పని తెలిసినవాళ్లకు ఇది అర్థమవుతుంది, మిగతావాళ్లకు కాదు. ఆఫీసులో బిల్లు ఆర్నెల్లు లేటయితే ఆర్నెల్ల తర్వాత మొదలుపెడతారు. రోడ్డు పనికి అట్ల కుదరదు. డబ్బు వచ్చాక డిజైన్, టెండరు, బాండు, మనుషులను తీసుకోవడం, ఇవన్నీ నెలల లెక్క. ఇక్కడ చలికాలంలో తారు పని దాదాపు బంద్, కాంక్రీట్ పోసినా దుప్పట్లు కప్పి కాపాడుకోవాలి. ఎండాకాలంలో డబ్బు ఖాయమైతే వసంతానికి పని. అక్టోబరులో ఆగితే వచ్చే ఏడాది సీజను కూడా సగం పోయినట్టే. వాషింగ్టన్‌లో వాళ్లు ఒక సాయంత్రం ఓటేసి భోజనానికి పోయారు, మాకు ఒక ఏడాది పోయింది. మా నలుగురిలో ఒకాయన డిసెంబరులో టికెట్ కొనుక్కుని ఖాట్మండూ వెళ్లిపోయిండు. తిరిగి రాలేదు.

అదే డిసెంబరులో సెంటర్‌విల్‌లో లేబర్ సెంటర్ తెరిచారు. దాతల డబ్బుతో, సర్కారు సొమ్ము లేకుండా. దాని మీద కూడా రాజకీయం నడిచింది, కాగితాలు లేనోళ్లకు పని చూపిస్తారా అని. కానీ లోపల కుర్చీ ఉంది, వరుస నంబరు ఉంది, పని ఇచ్చేవాడి పేరు, ఫోన్ నంబరు రాసుకునే మనిషి ఉంది. కూలి ఎగ్గొడితే అడగడానికి ఒక కాగితం ఉంది. ఆ చలికాలం అది లేకపోతే ఏమయ్యేవాళ్లమో.

ఇంకో వంతెన కథ చెప్పాలి. ఒహాయోకు, కెంటకీకి మధ్య ఒహాయో నది మీద బ్రెంట్ స్పెన్స్ వంతెన ఉంది. 1963లో కట్టారు. రోజుకు 80,000 బండ్ల లెక్కన కడితే దాదాపు రెట్టింపు తిరుగుతున్నాయి. 2011 సెప్టెంబరు 22న ఒబామా దాని పక్కన నిలబడి ఈ బిల్లు పాస్ చేయండి అని అడిగాడు. కావాలనే అక్కడికి పోయాడు. ఒక ఒడ్డు అప్పటి స్పీకర్ జాన్ బేనర్ రాష్ట్రం, ఇంకో ఒడ్డు మెక్‌కానెల్ రాష్ట్రం. ఇద్దరూ కదల్లేదు. మళ్లీ ఆ వంతెన దగ్గర 2023 జనవరి 4న మీటింగ్ పెట్టారు. వేదిక మీద బైడెన్, పక్కనే అదే మెక్‌కానెల్! వంతెనకు 163 కోట్ల డాలర్లు వచ్చాయని ఇద్దరూ సంతోషపడ్డారు. 2021 చట్టానికి మెక్‌కానెల్ ఓటేశాడు కూడా, ఆ మేరకు మెచ్చుకోవాలి. కానీ నడుమ పదకొండేళ్లు పోయాయి. 2011లో 45 ఏళ్లున్న రాడ్ బెండర్‌కు 2023లో 57. ఆ నడుముతో ఆయన ఇంకేం కడతాడు? వంతెన ఆగుతుంది. మనిషి ఆగడు.

పార్టీ మారితేనే బాగుపడుతుందని మేము చెప్పడం లేదు. మన దగ్గరే చూడండి. సిల్వర్ లైన్ రెండో భాగం, డల్లస్ ఎయిర్‌పోర్టు మీదుగా యాష్‌బర్న్ దాకా పోయే రైలు. 2012 జులై 3న లౌడన్ కౌంటీ బోర్డులో ఓటు పెట్టారు. తొమ్మిది మందీ రిపబ్లికన్లే. 5 మంది సరే, 4 మంది వద్దు. ఒక్క ఓటుతో రైలు వచ్చింది. ఆ ఐదుగురూ సొంత పార్టీ వాళ్లతోనే మాటలు పడ్డారు. మర్నాడు జులై నాలుగు, మేము లేక్ పక్కన కోడి కాల్చుకుంటూ వాళ్ల గురించే మాట్లాడుకున్నాం. ఇంకోటి, 2013లో రిపబ్లికన్ గవర్నర్ బాబ్ మెక్‌డొనెల్ రోడ్ల కోసం పన్నులు పెంచే చట్టం రెండు పార్టీల ఓట్లతో పాస్ చేయించాడు. అదే పార్టీలో తర్వాత గవర్నర్‌కు పోటీ చేసిన కూచినెల్లి దాన్ని వ్యతిరేకించాడు. మన నార్తర్న్ వర్జీనియాలో సేల్స్ టాక్స్ 5 నుంచి 6 శాతం అయ్యింది దానితోనే. బిర్యానీ కొన్నప్పుడల్లా కడుతున్నాం, ఇష్టంగానే కడుతున్నాం.

అయితే అదే మెక్‌డొనెల్, అదే సిల్వర్ లైన్ దగ్గర, యూనియన్ ఒప్పందం చేసుకున్న కాంట్రాక్టరుకు టెండరులో ఎక్కువ మార్కులు ఇవ్వడం తీసేస్తే తప్ప రాష్ట్రం వాటా 15 కోట్ల డాలర్లు ఇవ్వనన్నాడు. 2012 జూన్‌లో ఎయిర్‌పోర్టు అథారిటీ దాన్ని తీసేసింది. రైలు 2022 నవంబరులో నడిచింది. కూలివాళ్ల బేరం మాత్రం రైలెక్కలేదు.

సర్కారు డబ్బు పెట్టకపోతే పని అసలే రాదా అంటే వస్తుంది. ఐ-66 ఎక్స్‌ప్రెస్ లేన్లు చూడండి, గెయిన్స్‌విల్ దాకా 22 మైళ్లకు పైగా, ప్రైవేటు కంపెనీల డబ్బుతో కట్టారు. మా దోస్తులు చాలామంది అందులో పనిచేశారు, మంచి పని. ఇప్పుడు పొద్దున పూట దాని మీద టోల్ ఎంతో బోర్డు చూసి మేము పక్క లేన్‌లోకి జరుగుతున్నాం. మేము పోసిన కాంక్రీటే.

2021 చట్టానికి వద్దాం. మొత్తం లెక్క 1.2 లక్షల కోట్ల డాలర్లు. కూర్చుని బేరం ఆడిన పది మంది సెనేటర్లలో మన వర్జీనియా మార్క్ వార్నర్ ఒకడు. ఆగస్టు 10న సెనేట్‌లో 69, 30తో పాసైంది. ప్రతినిధుల సభలో ఇంక దాదాపు మూడు నెలలు నానింది. ఈసారి నానబెట్టింది డెమొక్రాట్లే, ఇంకో పెద్ద బిల్లు కూడా తెస్తేనే దీనికి ఓటేస్తామని. చివరికి నవంబరు 5న 228, 206. ఆరుగురు డెమొక్రాట్లు వద్దన్నారు, పదమూడు మంది రిపబ్లికన్లు సరే అన్నారు. ఆ పదమూడులో వర్జీనియా వాళ్లు ఒక్కరూ లేరు. సరే అన్న పాపానికి మిషిగన్ ఫ్రెడ్ అప్టన్ లాంటి వాళ్లకు చంపుతామని ఫోన్లు వచ్చాయి. రోడ్డు వేయమన్నందుకు! వద్దని ఓటేసి తర్వాత తమ ఊరికి డబ్బు వచ్చిందని గొప్పలు చెప్పుకున్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకేమో ఫోన్లు రాలేదు.

ఆ చట్టం డబ్బులోంచే 2022లో డల్లస్‌కు దాదాపు 5 కోట్ల డాలర్లు వచ్చాయి, 14 గేట్ల కొత్త కాంకోర్స్ కోసం. షాంటిలీలో ఉండేవాళ్లు రోజూ ఆ క్రేన్లు చూసే ఉంటారు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్న. ఓటు లేనోడికి ఏంది? ఇదే. సర్కారు డబ్బు ఉన్న సైటుకు, ప్రైవేటు ఇళ్ల సైటుకు తేడా మన జేబులో తెలుస్తుంది. ఫెడరల్ డబ్బుతో నడిచే పనికి డేవిస్-బేకన్ అని 1931 చట్టం ఉంది. ఏ పనికి గంటకు ఎంత అన్నది ముందే రాసి సైటులో అందరికీ కనపడేట్టు అంటించాలి. వారం వారం కూలి ఇవ్వాలి. ఎవరికి ఎన్ని గంటలు, ఎంత ఇచ్చారన్న లెక్క కాంట్రాక్టరు సంతకంతో వారం వారం పంపాలి. ఆ ఫారాలు మేమే నింపుతాం, తలనొప్పి పని. కానీ ఆ తలనొప్పి వల్లే ఎవడూ మూడు వారాలు ఎగ్గొట్టి ఫోన్ ఆపేయలేడు. ఆ డేవిస్, ఆ బేకన్ ఇద్దరూ రిపబ్లికన్లే, సంతకం పెట్టిన హూవర్ కూడా. దక్షిణాది నుంచి తక్కువ కూలికి తెచ్చిన నల్లవాళ్లను ఆపడానికే ఆ చట్టం తెచ్చారన్న విమర్శ కూడా ఉంది. బయట ఊరి నుంచి వచ్చినోళ్లం కదా, ఆ సంగతి కూడా మరవొద్దు. ఇప్పుడు మాత్రం అది మనల్ని కాస్తుంది.

మన దేశంలో ఏమన్నా తక్కువ తిన్నారా? ఉపాధి హామీ చట్టం 2005లో అన్ని పార్టీలూ ఒప్పుకుని పాస్ చేశాయి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. పాలమూరు నుంచి వలస పోయే మా నాన్న తరానికి, గంపా పారా ఊళ్లోనే పట్టుకోవచ్చు అన్న మాట అప్పుడే మొదటిసారి చట్టంలోకి వచ్చింది. 2015లో మోదీ పార్లమెంటులో అది కాంగ్రెస్ ఓటమికి గుర్తుగా ఉంచుతాం అన్నట్టు మాట్లాడారు, ఉంచారు. 2020లో కరోనా వచ్చి నగరాల నుంచి జనం నడిచి ఇంటికి పోతే అదే పథకానికి అదనంగా 40,000 కోట్ల రూపాయలు ఇచ్చారు. అక్రమాలున్నాయని బెంగాల్‌కు 2022 నుంచి మూడేళ్లకు పైగా డబ్బు ఆపారు. దొంగ మస్టర్లు ఉంటే రాసినోణ్ని పట్టుకోండి, తట్ట మోసినోడి కూలి ఎందుకు ఆపాలి? 2025 డిసెంబరులో ఆ చట్టాన్నే తీసేసి కొత్త పేరుతో ఇంకోటి తెచ్చారు. 100 రోజులు 125 అన్నారు, బాగుంది. ఖర్చులో 40 శాతం రాష్ట్రాల మీద వేశారు. ఢిల్లీలో ఒక పార్టీ, రాష్ట్రంలో ఇంకో పార్టీ ఉంటే ఆ 40 దగ్గర ఎన్ని నెలలు ఆగుతుందో, ఇంటికి ఫోన్ చేసినప్పుడు అడిగి తెలుసుకోండి. గల్ఫ్‌లో ఉన్న అన్నలకు ఇది మాకంటే బాగా తెలుసు. ఊళ్లో పని ఆగితేనే కదా ఏజెంట్ దగ్గర రేటు పెరిగేది.

సెప్టెంబరు 30కి టైం ఉంది. సిటిజన్ అయినవాళ్లు మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు ఫోన్ చేయండి. ఏ పార్టీ అయినా సరే. ఇంగ్లీషు రాదని సిగ్గుపడొద్దు, ఫలానా పని చేస్తాం, ఈ ఊళ్లో ఉంటాం, హైవే చట్టం గడువులోగా రావాలి అని మూడు ముక్కలు చాలు. ఎత్తిన పిల్ల రాసుకుంటుంది. మేము పోయిన శుక్రవారం చేసినం, రెండు నిమిషాలు పట్టింది. అందులో ఒక నిమిషం మా పేరు స్పెల్లింగ్‌కే పోయింది.

ఓటు లేనివాళ్లు రేపు సైటుకు పోయినప్పుడు ట్రైలర్ పక్కన బోర్డు చూడండి. ఫెడరల్ పని అయితే కూలి రేట్ల కాగితం అక్కడ ఉండాలి. మీ పనికి ఎదురుగా ఎంత రాసుందో, చెక్కులో ఎంత వస్తుందో పోల్చుకోండి. కాగితం లేకపోయినా, లెక్క తేడా ఉన్నా మాకు రాయండి. ఎవరిని అడగాలో, ఎట్లా అడగాలో మాకు తెలిసినంత చెప్తాం.